నాలుగు ఫైనళ్ల విలుకాడి దేశంలో

2008 బీజింగ్‌లో స్వర్ణం. 2012 లండన్‌లో రజతం. 2016 రియోలో రజతం. కరోనా వల్ల 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో మళ్లీ స్వర్ణం. చెక్ పారా ఆర్చర్ డేవిడ్ ద్రహొనీన్‌స్కీ వరసగా నాలుగు పారాలింపిక్స్‌లో, వీల్‌చైర్ ఆర్చర్లు ఆడే డబ్ల్యూ1 విభాగం వ్యక్తిగత ఫైనల్ ఆడాడు. మొదటి స్వర్ణానికీ రెండో స్వర్ణానికీ మధ్య పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లంటే ఏమిటో మా తమ్ముడికి బాగా తెలుసు. వాడూ అదే విభాగంలో విల్లు పడతాడు.

యూరప్ దాకా వెళ్తూ పారిస్, స్విట్జర్లాండ్ చూడకపోతే ఎలా అని ఇంట్లో అందరూ అన్నారు. వాడు వినలేదు. చెక్ దేశమే చూడాలి, అదీ ఆర్చరీతో సంబంధమున్న ఊళ్లే చూడాలి అన్నాడు. ద్రహొనీన్‌స్కీని కలవాలని మాత్రం ఎప్పుడూ అనలేదు. "ఆయన్ని ప్రాక్టీస్ చేసుకోనివ్వక్కా, మనం వెళ్లి ఏం మాట్లాడతాం" అన్నాడు. అలా విజయవాడ నుంచి బయల్దేరాం.

ఆదివారం, ప్రాగ్

విమానాశ్రయంలో విల్లు పెట్టె చేతికొచ్చేదాకా ఇద్దరికీ టెన్షనే. కాంపౌండ్ విల్లుకు రెండు కొసల్లోనూ క్యామ్‌లనే చక్రాలుంటాయి. వాటి మీదుగా నారి, తీగలు తిరుగుతాయి. ఒక చక్రం వంగినా విల్లు పనికిరాదు. తమ్ముడు పెట్టెను అక్కడే నేలమీద పెట్టించి, మూత తీయించి, రెండు చక్రాలూ చూసుకున్నాకే "పద అక్కా" అన్నాడు.

వాడు ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉండగా బైక్ ప్రమాదం జరిగింది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు కదలవు. భుజాలు, మోచేతులు పనిచేస్తాయి గానీ వేళ్లలో పట్టు లేదు. నడుము నిలవదు కాబట్టి కుర్చీకి బెల్టు వేసి కట్టుకుంటాడు. డబ్ల్యూ1 ఇలాంటివాళ్ల విభాగమే. కాళ్లతోపాటు చేతుల్లో, నడుములో కూడా లోపం ఉండి వీల్‌చైర్‌లో కూర్చుని ఆడేవాళ్లు ఇందులోకి వస్తారు. విల్లును చేతికి కట్టుకోవచ్చు. నారిని లాగి వదిలే రిలీజ్‌ను మణికట్టుకు బిగించుకోవచ్చు. బాణాన్ని నారికి ఎక్కించుకోలేనివాళ్ల పక్కన ఒక సహాయకుడు ఉండొచ్చు. తమ్ముడికి ఆ సహాయకురాలిని నేనే. బాణం ఎక్కించాక నా పని అయిపోయినట్టే. గురి గురించి, గాలి గురించి ఒక్క మాట కూడా చెప్పకూడదు.

ద్రహొనీన్‌స్కీ ఫైనళ్ల వీడియోలు మేం చాలాసార్లు చూశాం. తమ్ముడు చూసేది అతని ముఖం. తొమ్మిది పడినా, ఏడు పడినా తర్వాతి బాణానికి ముందు ముఖం ఎలా ఉందో చూస్తాడు. నేను బాణాలు చూస్తాను.

హోటల్‌కి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. బయట ఇంకా వెలుతురుంది. ఇక్కడి వేసవి సంగతి తెలిసినా, ఆ వెలుగులో నిద్రపట్టడం కష్టమే.

సోమవారం, ప్రాగ్

ప్రాగ్ పాత బస్తీ అందం గురించి అందరూ రాస్తారు. వీల్‌చైర్‌లో తిరిగితే ముందు తెలిసేది దాని నేల. చిన్న చిన్న రాళ్లు పరిచిన దారులు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ముందు చక్రాలు మాత్రం ప్రతి సందులోనూ ఇరుక్కుంటాయి. 1410 నాటి ఖగోళ గడియారం దాకా వెళ్లేసరికి తమ్ముడి వీపు నొప్పెట్టింది. గంట కొట్టేటప్పుడు కిటికీల్లోంచి అపొస్తలుల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్లడం చూసి, ట్రామ్ ఎక్కేశాం.

ట్రామ్‌లు నయం. ఎత్తు తక్కువ ఉన్న బండి ఏ టైముకు వస్తుందో స్టాపులో ఉన్న పట్టికలోనే వీల్‌చైర్ గుర్తుతో రాసి ఉంటుంది. మెట్రోలో అన్ని స్టేషన్లలోనూ లిఫ్ట్ లేదు, ఎక్కడుందో ముందే చూసుకుని దిగాలి. రోడ్డు మీదైనా రైల్లోనైనా ఎవరూ తమ్ముణ్ణి గుచ్చిగుచ్చి చూడలేదు. అయ్యో పాపం అన్న మాట వినపడని రోజు వాడికి అరుదు. ఈ ఊళ్లో ఆ రోజు దొరికింది.

సాయంత్రం వ్‌ల్తావా నది ఒడ్డున కూర్చుని బీజింగ్ గురించి మాట్లాడుకున్నాం. 2008లో ద్రహొనీన్‌స్కీకి 26 ఏళ్లు. ఫైనల్లో ఎదురుగా ఉన్నది బ్రిటన్‌కు చెందిన జాన్ కావనా, అంటే 2004 ఏథెన్స్ ఛాంపియన్. కాంస్యం అమెరికా ఆర్చర్ జెఫ్ ఫాబ్రీకి వచ్చింది. ఈ ఫాబ్రీ పేరు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వస్తాడు. ఛాంపియన్‌ను ఓడించి కుర్రాడు స్వర్ణం గెలిచాడు. పత్రికలకు అక్కడితో కథ అయిపోతుంది. నాకు మాత్రం అసలు కథ అక్కడే మొదలైందనిపిస్తుంది. 26 ఏళ్లకే పైకెక్కినవాడు ఆ తర్వాత ఏం చేశాడన్నదే నన్ను ఇంతదూరం తీసుకొచ్చిన ప్రశ్న.

మంగళవారం, క్లద్రూబి

పొద్దున్నే రైల్లో బెనెషోవ్, అక్కడి నుంచి చిన్న లైను మీద వ్లషిమ్, ఆ తర్వాత వ్యాన్. వీల్‌చైర్ ఎక్కించే లిఫ్ట్ కావాలంటే రైల్వేవాళ్లకు ముందుగా చెప్పాలి. చెప్పాం, మనిషి వచ్చి నిలబడ్డాడు.

మధ్య బొహీమియాలోని ఈ కొండల నడుమ క్లద్రూబి పునరావాస సంస్థ ఉంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు దేశం నలుమూలల నుంచి ఇక్కడికి వస్తారు. ఆసుపత్రిలో ఆపరేషన్లు అయిపోయాక, ఇంటికి వెళ్లేముందు, కొత్త ఒంటితో బతకడం నేర్చుకునే చోటు ఇది. మంచం మీంచి కుర్చీలోకి మారడం, కుర్చీలోంచి కారులోకి మారడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, వంట చేసుకోవడం. తమ్ముడికి ప్రమాదం జరిగినప్పుడు మాకు ఇవన్నీ చెప్పినవాళ్లు లేరు. డిశ్చార్జ్ కాగితాలు చేతిలో పెట్టి పంపించారు. మిగతాదంతా అమ్మ, నేను, వాడు కలిసి ఒక్కొక్కటిగా నేర్చుకున్నాం. అందుకే ఆ ఆవరణలో వీల్‌చైర్లు వరసగా చెట్ల కిందికి వెళ్తుంటే చూస్తూ నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఈ చోటుకు ఇంకో చరిత్ర ఉంది. వికలాంగుల క్రీడల గురించి చదివినవాళ్లందరికీ స్టోక్ మాండెవిల్ పేరు తెలుసు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఆ ఇంగ్లిష్ ఆసుపత్రి మైదానంలో పదహారుమంది మాజీ సైనికులతో ఆర్చరీ పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కు మూలం అదేనంటారు. 1960 రోమ్ నుంచీ పారాలింపిక్స్‌లో ఆర్చరీ ఉంది. అయితే అదే 1948లో ఇక్కడ, ఈ చెక్ కొండ మీద కూడా, వికలాంగుల ఆటల పోటీలు మొదలయ్యాయి. వాటిని క్లద్రూబి ఆటలు అంటారు. మొదలుపెట్టింది వోయ్‌మీర్ సర్దెచ్నీ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు.

సర్దెచ్నీ జీవితం ఇంకొంచెం చెప్పాలి. 1939 నవంబర్ 17న నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలన్నీ మూసేసి, దాదాపు పన్నెండు వందలమంది విద్యార్థుల్ని జర్మనీలోని సాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు. వాళ్లలో ఇతనూ ఒకడు. అక్కడ ఆకలి చూశాడు, చావు చూశాడు. బయటికొచ్చి, యుద్ధం అయ్యాక, నడవలేనివాళ్లతో ఆటలాడించడం మొదలుపెట్టాడు. 2019లో, నూరేళ్లకు కాస్త తక్కువ వయసులో కన్నుమూశాడు. ప్రపంచంలో నవంబర్ 17ను విద్యార్థుల దినోత్సవంగా జరుపుకుంటున్నారంటే ఆ రోజు జరిగిన దానివల్లే.

ఒక దేశంలో ఛాంపియన్ పుట్టడానికి ప్రతిభ ఒక్కటే చాలదు. దెబ్బతిన్న మనిషికి ఆట అవసరమని అరవై ఏళ్ల ముందే ఎవరో గుర్తించి ఉండాలి. ద్రహొనీన్‌స్కీ 2008లో పతకం గెలిచేనాటికి ఆ దేశంలో ఈ ఆటలకు అరవై ఏళ్లు. ఈ లెక్కలో మనం ఎక్కడున్నామో ఆలోచిస్తే నాకు దిగులేసింది.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు వ్యాన్ డ్రైవరు దూరంగా ఒక కొండ చూపించాడు. బ్లానీక్. దేశానికి పెద్ద ఆపద వస్తే ఆ కొండలో నిద్రపోతున్న వీరులు లేచి వస్తారని చెక్ ప్రజల నమ్మకం. తమ్ముడికి ఆ కథ బాగా నచ్చింది. కొండ కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

బుధవారం, నింబుర్క్

లాబే నది ఒడ్డున చిన్న ఊరు. ఇదే నది జర్మనీలోకి వెళ్లి ఎల్బ్ అవుతుంది. పాత ఎర్ర ఇటుక కోటగోడలు, నది మీద వంతెన, ఊరి పక్కన పెద్ద క్రీడా కేంద్రం. 2009లో ప్రపంచ పారా ఆర్చరీ ఛాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. బీజింగ్ స్వర్ణం వచ్చిన మరుసటి ఏడాదే సొంత దేశంలో ప్రపంచ పోటీలు. ఊళ్లో ఎక్కువసేపు ఉండలేదు. వర్షం పట్టుకుంది.

కాఫీ షాపులో కూర్చుని, వాన తగ్గేదాకా లండన్, రియో గురించి వాదించుకున్నాం. 2012 ఫైనల్లో ద్రహొనీన్‌స్కీని ఓడించింది ఆ జెఫ్ ఫాబ్రీయే. ఫాబ్రీకి మోటార్‌సైకిల్ ప్రమాదంలో కుడి చెయ్యి మోచేయి పైదాకా, కుడి కాలు మోకాలి పైదాకా పోయాయి. నారిని పళ్లతో పట్టుకుని లాగుతాడు. ఏథెన్స్‌లో కాంస్యం, బీజింగ్‌లో కాంస్యం, లండన్‌లో స్వర్ణం. కెనడాకు చెందిన నార్బర్ట్ మర్ఫీకి కాంస్యం. నాలుగేళ్లకు రియోలో, సాంబా ఊరేగింపులు జరిగే సాంబోడ్రోమ్‌లో, మళ్లీ ఫైనల్. ఈసారి బ్రిటన్‌కు చెందిన జాన్ వాకర్ గెలిచాడు.

"రెండుసార్లు వరసగా ఫైనల్లో ఓడిపోతే నేనైతే మానేస్తాను," అన్నాను.

"ఓడిపోయాడని అనకక్కా. రెండుసార్లు ఫైనల్‌దాకా వచ్చాడు," అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో కోపం వినిపించింది. నేను ఊరుకున్నాను. కాసేపయ్యాక నిజం ఎవరి వైపుందో నాకే అర్థమైంది. నాకౌట్ పోటీలో, ఇప్పటి లెక్క ప్రకారం, ఒక్కో మ్యాచ్‌కు పదిహేను బాణాలు. అయిదు ఎండ్‌లు, అంటే విడతలు, ఎండ్‌కు మూడు బాణాలు. గరిష్ఠం 150 పాయింట్లు. ఒక్క బాణం కాస్త పక్కకుపోతే ఇంటికే. ఎనిమిదేళ్లపాటు, మూడు ఖండాల్లో, అలాంటి పోటీకి ఎదురు నిలిచి ప్రతిసారీ ఆఖరి ఇద్దరిలో ఒకడిగా మిగలడం నాకు తెలిసిన ఏ స్వర్ణం కన్నా తక్కువ కాదు.

గురువారం, నోవే మ్యెస్టో

మెతుయె నది మెలిక తిరిగేచోట, ఎత్తయిన గట్టు మీద ఈ చిన్న పట్నం ఉంది. పూర్తి పేరు నోవే మ్యెస్టో నాద్ మెతుయీ. యూరప్ పారా ఆర్చరీ కప్ పోటీలు ఈ ఊళ్లో తరచూ జరుగుతాయి. అందుకే పారా ఆర్చరీ తెలిసినవాళ్లకు ప్రాగ్ కన్నా ఈ ఊరే దగ్గర.

వచ్చేదారిలో హ్రదెత్స్ క్రాలోవేలో రైలు మారాం. 1866లో ప్రష్యా, ఆస్ట్రియా సైన్యాలు ఆ ఊరి బయటే తలపడ్డాయి. స్టేషన్ నుంచి ఏమీ కనపడదు. అప్పటి యుద్ధభూమి ఇప్పుడు పచ్చటి పొలాలేనట.

మధ్యాహ్నం ఊరు చూశాం. చౌక్ చుట్టూ వరండాలతో పాత ఇళ్లు, ఒక మూల కోట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బార్టోన్ అనే జౌళి వ్యాపారుల కుటుంబం ఆ కోటను కొని బాగుచేయించింది. వాస్తుశిల్పి దుషాన్ యుర్కొవిచ్ తోటకు కట్టిన కప్పున్న చెక్క వంతెన నాకు కళ్లలో నిలిచిపోయింది. రంగులు, చెక్కడాలు, పల్లెటూరి ఇంటి వాలకం. తోటలో బారోక్ కాలపు ఇసుకరాతి మరుగుజ్జు విగ్రహాలున్నాయి. వాటి ముందు తమ్ముడు ఎక్కువసేపు ఆగలేదు. వాడి మనసంతా మర్నాటి మీదే ఉంది.

శుక్రవారం, నోవే మ్యెస్టో

ముందే రాసి అడిగితే, ఊళ్లోని విలుకాళ్లు తమ మైదానంలో ప్రాక్టీసు చేసుకోమన్నారు. పోటీలేమీ లేవు. గడ్డి కోసిన మైదానం, చివర దట్టంగా చెట్లు, 50 మీటర్ల దూరంలో టార్గెట్లు. ప్రతి టార్గెట్ మీదా గాలి తెలియడానికి చిన్న జెండా.

డబ్ల్యూ1 ఎందుకు కష్టమో ఇక్కడ చెప్పాలి. మన వెన్నం జ్యోతి సురేఖ విల్లును టీవీలో చూసినవాళ్లకు గుర్తుంటుంది. నారిలో కంటికి ఎదురుగా చిన్న రంధ్రం, విల్లు ముందు భూతద్దం ఉన్న సైట్. రెండూ ఒక వరసలోకి వస్తే గురి కుదిరినట్టు. డబ్ల్యూ1లో ఆ రంధ్రం ఉండకూడదు. భూతద్దం ఉండకూడదు. విల్లు సమంగా ఉందో లేదో చూపే నీటిబుడగ ఉండకూడదు. మామూలు కాంపౌండ్‌లో విల్లు బలం 60 పౌండ్ల దాకా ఉండొచ్చు, ఇక్కడ 45కు మించకూడదు. బలం తక్కువైతే బాణం నెమ్మదిగా వెళ్తుంది. నెమ్మదిగా వెళ్లేకొద్దీ కిందికి వాలుతుంది, గాలి దాన్ని పక్కకు నెట్టడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. కూర్చున్న కుర్చీ, కట్టుకున్న బెల్టు, ఆ రోజు ఒంట్లో వచ్చే వణుకు, అన్నీ బాణంలోకి దిగుతాయి. ఇన్ని ఉండగా 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల టార్గెట్ మధ్యలోని పసుపు రంగు గుండ్రాన్ని కొట్టాలి. పది పాయింట్ల వృత్తం వెడల్పు ఎనిమిది సెంటీమీటర్లే, అంటే కాఫీ కప్పు మూతంత.

రంధ్రం లేనప్పుడు కంటికి ఆధారం ఒక్కటే. నారి ముఖం మీద ప్రతిసారీ ఒకేచోట తగలాలి. గడ్డం కింద, ముక్కు కొసన, పెదవి పక్కన. ఒక దారమంత జరిగినా 50 మీటర్ల దూరంలో ఎనిమిది, ఏడు. అందుకే తమ్ముడు అద్దం ముందు బాణం లేకుండా గంటల తరబడి నారి లాగుతాడు. పదమూడేళ్ల తేడాతో రెండు స్వర్ణాలు గెలిచినవాడు ఎన్నిసార్లు ఆ ఒక్క కదలికను చేసి ఉంటాడో! వయసుతోపాటు ఒళ్లు మారుతుంది. నరాల పట్టు మారుతుంది, భుజం అరుగుతుంది. నిన్న తగిలినచోట నారి ఇవాళ తగలదు. ప్రతి ఏడాదీ కొత్త ఒంటికి తగ్గట్టు పాత కదలికను మళ్లీ నేర్చుకోవాలి. స్టేడియంలో చప్పట్లు కొట్టేవాళ్లకు ఇది కనపడదు. పక్కన నిలబడి బాణాలు అందించేదాన్ని కాబట్టి నాకు కొంచెం తెలుసు.

విల్లును తమ్ముడి చేతికి కట్టాను. రిలీజ్ మణికట్టుకు బిగించాను. మొదటి మూడు బాణాలు ఎరుపులో పడ్డాయి. చెట్ల వైపు నుంచి గాలి వస్తోంది. జెండా చూసి, ఒక నిమిషం ఆగి, సైట్‌ను కొంచెం జరపమన్నాడు. జరిపాను. తర్వాతి మూడింటిలో రెండు పసుపులో పడ్డాయి.

పక్క టార్గెట్‌లో కొడుతున్న ఒక పెద్దాయన వచ్చి, దూరదర్శినిలోంచి చూసి, బొటనవేలు పైకెత్తాడు. ఆయనకు ఇంగ్లిష్ కొద్దిగా వచ్చు. ఈ గాలి మధ్యాహ్నానికి తిరుగుతుందని, ఇక్కడి పోటీలకు వచ్చేవాళ్లందరూ మొదట ఆ చెట్ల గాలితోనే తిప్పలు పడతారని చెప్పాడు. ద్రహొనీన్‌స్కీ పేరెత్తగానే ఆయన ముఖం వెలిగిపోయింది. టోక్యో ఫైనల్ జరుగుతున్నంతసేపూ కూర్చోలేకపోయానన్నాడు. మధ్యాహ్నం గాలి నిజంగానే తిరిగింది. తమ్ముడు చీకటిపడేదాకా కదల్లేదు.

శనివారం, పిల్సెన్

మళ్లీ ప్రాగ్ మీదుగా, ఈసారి పడమటికి. ఊరు దగ్గర పడుతుండగా రైలు పొడవైన సొరంగంలోకి వెళ్లింది. 2018లో తెరిచిన ఎయ్‌పొవిత్సె సొరంగం, నాలుగు కిలోమీటర్లకు పైనే. పిల్సెన్ చౌక్ మధ్యలో సెయింట్ బార్తొలొమ్యూ చర్చి గోపురం నూరు మీటర్లకు పైగా లేచి నిలబడింది. దేశంలో చర్చి గోపురాల్లోకెల్లా ఎత్తయింది అదేనట.

ఈ ఊరు పేరు భారత పారా ఆర్చరీలో ఎప్పటికీ ఉంటుంది. 2023 జులైలో ప్రపంచ పారా ఆర్చరీ ఛాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. జమ్మూకశ్మీర్ నుంచి వచ్చిన శీతల్ దేవి, చేతులు లేకుండా, పాదంతో విల్లు పట్టి, భుజంతో నారి లాగి ఇక్కడ రజతం గెలిచింది. ఫైనల్లో టర్కీకి చెందిన ఓజ్నుర్ జ్యురే గెలిచింది. ఆ మరుసటి ఏడాది పారిస్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి శీతల్ కాంస్యం, చక్రాలు లేని రికర్వ్ విల్లు విభాగంలో హర్విందర్ సింగ్ స్వర్ణం గెలిచారు. మన పారా ఆర్చరీకి మంచి రోజులు వచ్చాయంటే నేను నమ్ముతాను. డబ్ల్యూ1లోనూ మొదలైంది. హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో ఆదిల్ అన్సారీ, నవీన్ దలాల్ జంట కాంస్యం గెలిచింది. ఆ వార్త వచ్చిన రోజు తమ్ముడు నాతో మిఠాయి తెప్పించి వీధంతా పంచాడు.

భోజనమయ్యాక చౌక్‌లో నీడ చూసుకుని కూర్చున్నాం. టోక్యో గురించి మాట్లాడటం అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చాం. 2021లో ద్రహొనీన్‌స్కీకి 39 ఏళ్లు. యుమెనొషిమా పార్క్ మైదానంలో ప్రేక్షకుల్లేరు. ఆ పోటీల్లో అతను ఒక్కడే కాదు, షార్కా ముసిలోవా కూడా ఉంది. ఆమె మహిళల డబ్ల్యూ1లో రజతం గెలిచింది. ఇద్దరూ కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో రజతం. రెండుచోట్లా స్వర్ణం చైనాదే. ఇక పురుషుల వ్యక్తిగత ఫైనల్‌లో ద్రహొనీన్‌స్కీ గెలిచాడు.

అతని కథ చెప్పేవాళ్లు చాలామంది ప్రమాదం దగ్గర మొదలుపెడతారు. వీల్‌చైర్‌లోకి వచ్చాడు, అయినా గెలిచాడు అంటారు. నాకు ఆ "అయినా" అస్సలు నచ్చదు. డబ్ల్యూ1లో ఉన్న ప్రతివాడూ వీల్‌చైర్‌లోంచే కొడతాడు. అక్కడ అతన్ని మిగతావాళ్ల నుంచి వేరుచేసింది విల్లు పట్టిన తీరు, రెండు రజతాల తర్వాత కూడా మూడోసారి అదే గీత దగ్గరికి వెళ్లిన తెగువ. తమ్ముణ్ణి కూడా రేపు ఎవరైనా మెచ్చుకుంటే, వాడి స్కోరు చూసి మెచ్చుకోవాలని నా కోరిక.

"అక్కా, మిక్స్‌డ్ టీమ్ ఆడాలంటే నాకో పార్ట్‌నర్ కావాలి," అన్నాడు తమ్ముడు ఉన్నట్టుండి. "మన దగ్గర డబ్ల్యూ1 ఆడే అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో తెలుసుకోవాలి. లేకపోతే మనమే వెతకాలి. వెన్నుపాము దెబ్బతిన్న అమ్మాయిలు ఇళ్లలోనే ఉండిపోతారు. మంగళగిరిలో ఒకమ్మాయి గురించి ఫిజియో చెప్పాడు కదా, గుర్తుందా?"

గుర్తుంది. ఆ అమ్మాయి తల్లి ఫోన్ నంబరు కూడా నా దగ్గరుంది. ఆర్చరీ మాటెత్తితే ఆ ఇంట్లో ఏమంటారో చెప్పలేను. అయినా చేస్తానన్నాను. తమ్ముడు ఫోన్ తీసి పనులు ఒక్కొక్కటే చెబుతుంటే నేను టైప్ చేశాను. నోవే మ్యెస్టో కప్ తేదీలు కనుక్కోవాలి. టార్గెట్ మీద గాలి జెండా కట్టించాలి. కొత్త నారి తెప్పించాలి. మంగళగిరికి సోమవారమే వెళ్లాలి, పొద్దున పూటే వెళ్లాలి, అమ్మను కూడా తీసుకెళ్లాలి, ఎందుకంటే తల్లులతో తల్లులే బాగా మాట్లాడగలరు.